ఊదితే ఆరే మంట, ఊదితే రాజుకునే మంట

దీపాన్ని ఊదితే ఆరిపోతుంది. అదే నోటితో కట్టెల పొయ్యిని ఊదితే మంట లేస్తుంది. ఒకే గాలి ఒకచోట మంటను చంపి, ఇంకోచోట ఎందుకు పెంచుతుంది? పిల్లలు ఇలా అడిగితే పెద్దవాళ్ళు సాధారణంగా చెప్పే జవాబు ఒకటుంది: ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి దీపం ఆరుతుందని. అది సరైన జవాబు కాదు. మనం వదిలే ఊపిరిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది. పైగా గట్టిగా ఊదినప్పుడు ఆ ఊపిరి చుట్టుపక్కల గాలిని కూడా వెంట లాక్కుపోతుంది. నిజంగా కార్బన్ డయాక్సైడే కారణమైతే పొయ్యి కూడా ఆరిపోవాలి కదా!

అసలు సంగతి తెలియాలంటే ఆ మంటలో కాలుతున్నదేమిటో చూడాలి. దీపంలో కాలేది వత్తి కాదు, నూనె కూడా కాదు. వత్తి వెంట పైకి పాకిన నూనె వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నమ్మకం కలగకపోతే కొవ్వొత్తితో చూడవచ్చు. ఆర్పిన మరుక్షణం వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది. వత్తికి తగలకుండా ఆ పొగకు అగ్గిపుల్ల చూపిస్తే, మంట పొగ వెంట కిందికి దిగి వత్తిని మళ్ళీ అంటిస్తుంది. మనం పొగ అనుకున్నది కాలకుండా మిగిలిపోయిన మైనమే. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాల్లో మైకేల్ ఫారడే దీన్ని చేసి చూపించాడు. ఇక ఊదినప్పుడు జరిగేది తేలికే. ఆవిరి మంట నుంచి చెదిరిపోతుంది, వత్తి చల్లబడుతుంది, కొత్త ఆవిరి పుట్టదు. దీపం పని అయిపోయింది.

పొయ్యిలో కథ వేరు. కట్టె వేడెక్కినప్పుడు ముందు దానిలోంచి మండే వాయువులు బయటికొస్తాయి. నాలుకల్లా కనిపించే మంట వాటిదే. అవి తీరాక మిగిలే బొగ్గు మాత్రం ఆవిరి కానక్కర లేకుండా, ఉన్నచోటే, పైపొరలో కాలుతుంది. కణకణలాడే ఆ బొగ్గును ఊపిరి ఎగరగొట్టలేదు. దాని ఒంట్లో నిలవున్న వేడిని ఒక్క ఊపులో చల్లార్చనూ లేదు. ఊదుగొట్టంతో మనం చేసేదల్లా బొగ్గు మీద పేరుకున్న వాయువులను తోసేసి కొత్త ఆక్సిజన్ అందించడం. కమ్మరి కొలిమిలో తిత్తి చేసే పనీ అదే.

నిప్పుకు మూడు కావాలని బడిలో చెబుతారు: కాలడానికి ఇంధనం, అంటుకోవడానికి వేడి, ఆక్సిజన్. మంటగా లేచాక నాలుగోది కూడా ఉంటుంది. మంటలో పుట్టే అస్థిరమైన అణుభాగాలు ఒకదాన్నొకటి రెచ్చగొడుతూ సాగించే గొలుసు చర్య అది. వీటిలో ఏ ఒక్కటి తప్పించినా మంట ఆరుతుంది. మంటలార్పే విద్య అంతా ఇంతే. కాకపోతే, ఎదురుగా ఉన్న మంటకు వీటిలో దేన్ని తప్పించగలం, దేన్ని తప్పించబోతే మన మీదికే వస్తుంది అన్నది కనిపెట్టడంలోనే చిక్కంతా ఉంది.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా మర్నాటి వార్తలో 'షార్ట్ సర్క్యూట్' అన్న మాట కనిపిస్తుంది. విచారణ ఇంకా మొదలు కాకముందే కారణం తేలిపోతుంది. షార్ట్ సర్క్యూట్లు జరగవని కాదు. కానీ ఫేజు, న్యూట్రలు తీగలు నేరుగా కలిసినప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎంసీబీ గానీ ఫ్యూజు గానీ సరిగా ఉంటే రెప్పపాటులో సరఫరా తెగిపోతుంది. అంతకంటే దొంగదెబ్బ తీసేది వదులైన కనెక్షన్. ప్లగ్గు సాకెట్‌లో సరిగా కూర్చోకపోయినా, స్విచ్‌బోర్డు వెనక స్క్రూ వదులైనా, అంత చిన్నచోట అవరోధం పెరిగి అక్కడే వేడి పుడుతుంది. వాడుతున్న కరెంటు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎంసీబీకి అనుమానం రాదు. ప్లాస్టిక్ పచ్చబడుతుంది, నల్లబడుతుంది, కాలుతున్న వాసన వస్తుంది, ఏదో ఒక రాత్రి అంటుకుంటుంది. నల్లబడిన సాకెట్‌ను నెలల తరబడి వాడే ఇళ్ళు మనకు తక్కువేం కాదు.

రెండోది ఓవర్‌లోడు. తీగలో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఒకటే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు గీజరూ ఇస్త్రీపెట్టే తగిలిస్తే తీగ మీద ఎంత భారం పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇక మాటిమాటికీ ఫ్యూజు పోతోందని మందపాటి రాగితీగ చుట్టేవాళ్ళున్నారు. ఫ్యూజు పని కాలిపోవడమే. దాన్ని కాలనివ్వకపోతే గోడలోని తీగ కాలుతుంది.

ఏ రవ్వా పడకుండా, ఎవరూ అంటించకుండా తనంతట తానే అంటుకునే నిప్పు కూడా ఉంది. తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల సూక్ష్మజీవులు పనిలో పడతాయి. వాటి వల్ల వామి నడిబొడ్డులో వేడి 70 డిగ్రీల దాకా చేరుతుంది. ఆ వేడికి అవి చచ్చిపోతాయి గానీ, అప్పటికే గడ్డి ఆక్సిజన్‌తో నేరుగా కలవడం మొదలై వేడి ఇంకా పైకి పోతుంది. బయటి గడ్డే దుప్పటై ఆ వేడిని పోనివ్వదు. వారాల తర్వాత పొగ కనిపించి ఎవరో వామి లాగితే, లోపలికి గాలి తగిలి భగ్గుమంటుంది. ఊళ్ళో వామి కాలిందంటే ముందు గిట్టనివాళ్ళ పేర్లు బయటికొస్తాయి. చాలాసార్లు అది ఆర్పకుండా పారేసిన బీడీముక్కే అయివుంటుంది. కానీ వాన తడిపిన గడ్డి విషయంలో మాత్రం ఎవరినైనా అనుమానించే ముందు గడ్డినే అనుమానించడం న్యాయం. బొగ్గుకూ ఇదే గుణముంది. గనిలో మిగిలిన బొగ్గు గాలి తగిలి నెమ్మదిగా వేడెక్కి రాజుకుంటుంది. అందుకే తవ్వడం అయిపోయిన భాగాలను గోడ కట్టి మూసేస్తారు, లేదా ఇసుకతో నింపేస్తారు.

నీళ్ళు ఎందుకు అంత బాగా పనిచేస్తాయి? ఎక్కడ పనిచేయవు?

లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 70 కిలోకేలరీల వేడి కావాలి. మరుగుతున్న ఆ నీటిని ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. అంటే నీళ్ళు నిప్పును ఆర్పేది తడపడం వల్ల కన్నా ఆవిరైపోవడం వల్ల. ధారగా కొట్టిన నీళ్ళలో చాలా భాగం ఆవిరి కాకుండానే కిందికి కారిపోతాయి. సన్నటి తుంపరగా కొడితే దాదాపు ప్రతి చుక్కా వేడిని తాగుతుంది. ఫైరింజను సిబ్బంది పైపు మూతిని తిప్పి ధారను తుంపరగా మార్చడం చూసే ఉంటారు. ఆ తుంపర మంటనే కాదు, గది పైకప్పు కింద చేరిన మండే పొగను కూడా చల్లార్చి, గదంతా ఒక్కసారిగా అంటుకోకుండా ఆపుతుంది.

ఈ గుణమే బాణలి దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది. వంటనూనెను పొయ్యి మీద మరిచిపోతే ముందు పొగలు వస్తాయి, 350 డిగ్రీల ప్రాంతంలో దానంతట అదే అంటుకుంటుంది. అందులో గ్లాసెడు నీళ్ళు పోశామనుకోండి. నీళ్ళు నూనె కన్నా బరువు కాబట్టి అడుక్కి పోతాయి. అక్కడ వేడికి ఉన్నపళంగా ఆవిరవుతాయి. ఆవిరైన నీరు సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. అంత ఆవిరీ పైనున్న మండే నూనెను తుంపరలుగా చిమ్మేస్తుంది. మంట పైకప్పును తాకుతుంది. చేయవలసింది స్టవ్ కట్టేసి, బాణలికి సరిపోయే మూత పక్క నుంచి జరుపుతూ కప్పడం. ఇక్కడ తప్పిస్తున్నది ఆక్సిజన్‌ను. మంట కనిపించడం లేదని రెండు నిమిషాలకే మూత తీసి చూడాలనిపిస్తుంది. తీయకూడదు. నూనె ఇంకా అంటుకునేంత వేడిగానే ఉంటుంది. గాలి తగిలితే మళ్ళీ లేస్తుంది. మండుతున్న బాణలిని పట్టుకుని పెరట్లోకి పరుగెత్తడం అన్నిటికంటే ప్రమాదం.

పెట్రోలు మీద కూడా నీళ్ళు పనికిరావు, అది నీటి మీద తేలి ఇంకా దూరం పారుతుంది. అక్కడ నురుగు కావాలి. నురుగు పైన పరుచుకుని ఆవిరిని లేవనివ్వదు. కరెంటు మంటకైతే ముందు మెయిన్ కట్టేయాలి. సరఫరా ఆగాక అది మామూలు మంటే.

పత్తిది ఇంకో రకం మొండితనం. పోగుకూ పోగుకూ మధ్య గాలి నిలవ ఉంటుంది కాబట్టి బేలు పైన మంట ఆరినా లోపల నిప్పు పాకుతూనే ఉంటుంది. బిగించి కట్టిన బేలులోకి నీళ్ళు ఇంకవు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికిన్' ఓడ అడుగున పత్తి బేళ్ళు అంటుకున్నాయి. అదే ఓడలో వందల టన్నుల పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. దాదాపు రెండు గంటలు నీళ్ళు కొట్టినా నిప్పు దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. చనిపోయిన వందల మందిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి మన ఊళ్ళలో జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ళ జ్ఞాపకార్థమే. జిన్నింగ్ మిల్లుల్లో ఇప్పటికీ పద్ధతి ఒక్కటే: అంటుకున్న బేలును బయటికి లాగాలి, విప్పాలి, పొర పొరా తడపాలి. ఇంధనాన్ని మంట నుంచి తప్పించడం కూడా పాత విద్యే. ఎండాకాలం తాటాకు ఇళ్ళ వరసలో ఒకటి అంటుకుంటే, కాలుతున్న ఇంటిని వదిలేసి, దానికి ఇవతలి ఇంటి కప్పు పీకేసేవారు. బాగున్న ఇంటిని పాడు చేస్తున్నట్టు కనిపించినా మిగతా వరస నిలిచేది దానివల్లే.

గ్యాస్ మంటను వెంటనే ఆర్పకూడదంటారెందుకు?

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, కోనసీమ వాళ్ళకు దీన్ని వివరించనక్కర లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి బయటికి ఎగదన్ని అంటుకుంది. ఆ బ్లోఅవుట్ రెండు నెలలు దాటి మండింది. విదేశీ నిపుణులను రప్పించి మార్చి 15న గానీ బావి మూతి మూయలేకపోయారు. అన్నాళ్ళు ఎందుకు పట్టిందని అప్పట్లో చాలామంది అడిగారు. మంటను ఆర్పడమే పని అయివుంటే ఇంత కాలం పట్టేది కాదేమో. కానీ గ్యాస్ ఆగకుండా మంట మాత్రమే ఆరితే, పైకి తన్నే గ్యాసంతా చుట్టుపక్కల పొలాల్లో, కొబ్బరితోటల్లో పరుచుకుంటుంది. తర్వాత ఎక్కడో ఒక్క రవ్వ చాలు. మండుతున్నంతసేపూ ప్రమాదం ఒక్కచోటే ఉంటుంది, కళ్ళకు కనబడుతూ ఉంటుంది. అందుకే ఇలాంటి బావుల దగ్గర ముందు నీటి తెరలు కట్టి మనుషులు దగ్గరికి పోగలిగేలా చేస్తారు. కూలిన రిగ్గు ఇనుమును లాగేస్తారు. బావి మూతిని శుభ్రం చేసి కొత్త వాల్వు బిగించి, దాన్ని మూస్తారు. ఇంధనం ఆగితే మంటను వేరే ఆర్పాల్సిన పని ఉండదు.

మండని గ్యాస్ ఏం చేయగలదో అదే కోనసీమలో 19 ఏళ్ళ తర్వాత కనిపించింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి కారిన గ్యాస్ ఇళ్ళ మధ్య పరుచుకుని ఉంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి వార్తలు. గాలిలో కలిసి సిద్ధంగా ఉన్న గ్యాస్ కాబట్టి అది ఒకచోట మండలేదు, ఊరంతా ఒక్కసారిగా మండింది. ఇరవై మందికి పైగా చనిపోయారు.

దీపాన్ని ఊదినట్టు గ్యాస్ బావిని ఊదే పద్ధతి కూడా లేకపోలేదు. అల్జీరియా సహారాలో గాసీ తుయిల్ దగ్గర 1961 నవంబరులో అంటుకున్న గ్యాస్ బావి ఐదు నెలలకు పైగా మండింది. 1962 ఏప్రిల్ 28న అమెరికన్ నిపుణుడు రెడ్ అడైర్ దాని మూతి దగ్గర పేలుడు పదార్థం పేల్చాడు. పేలుడు గాలి గ్యాస్‌ను మంట నుంచి ఒక్క క్షణం విడదీసింది, మంట ఆరింది. ఆ తర్వాతి ఘట్టమే అసలు భయంకరం: రవ్వ రాలకుండా, మళ్ళీ అంటుకోకుండా, ఎగజిమ్ముతున్న గ్యాస్ మధ్య నిలబడి మూత బిగించాలి. ఎడారిలో చుట్టూ ఊళ్ళు లేవు. కోనసీమలో ఆ సాహసం చేయమనే ధైర్యం నాకైతే లేదు.

వంటింట్లోనూ సూత్రం అదే. గ్యాస్ పైపు దగ్గర మంట వస్తుంటే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. అది కుదరకపోతే మంటను ఆర్పాలని చూడకుండా అందరూ బయటికి వచ్చి ఫైరాఫీసుకు ఫోన్ చేయాలి. నంబరు 101, లేదా 112. మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే ఇంకా జాగ్రత్త. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు. కారితే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో రెండు శాతం కలిసినా అంటుకుంటుంది. స్విచ్ వేసినా, వేసిన స్విచ్ తీసినా రవ్వ పుడుతుంది. గ్యాస్ పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం కూడా తప్పే. లైటు ఎలా ఉంటే అలా వదిలేసి, రెగ్యులేటర్ కట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి బయటికి రావాలి. వంటగ్యాస్ అత్యవసర నంబరు 1906.

కాలిన గాయం లేకుండానే ఎలా చనిపోతారు?

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. ఆరుగురు యువ ఉద్యోగులు పొగకు ఊపిరాడక చనిపోయారు. సోఫా నురుగు, ప్లాస్టిక్, ఫాల్స్ సీలింగ్ లాంటివి గాలి చాలక సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు, ఒంటికి ఆక్సిజన్ అందదు. ముందు పోయేది తెలివి. తలుపు ఎటుందో కూడా తట్టదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే మసి, ఘాటు కొంత ఆగుతాయి గానీ కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. గుడ్డ ఉంది కదా అని పొగలోకి దూరకూడదు. వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి నేలకు దగ్గరగా పాకుతూ బయటపడాలి, వచ్చేటప్పుడు వెనక తలుపు మూయాలి. దారి మొత్తం పొగే ఉంటే ఎదురెళ్ళడం కన్నా గదిలోనే ఉండి, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి పిలవడం మేలు. ఆ కిటికీ తెరుచుకోని అద్దమైతే ఏం చేయాలన్నది మాత్రం ఇళ్ళూ ఆఫీసులూ కట్టేవాళ్ళు ముందే ఆలోచించాల్సిన ప్రశ్న.

గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ ఏం చేస్తుంది?

అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించేది ఏబీసీ పొడి. ఏ అంటే కట్టె, బట్ట, కాగితం; బీ అంటే మండే ద్రవాలు; సీ అంటే గ్యాసులు. మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ అనే ఆ పొడి ముందు చెప్పిన గొలుసు చర్యను తెంచుతుంది, కాలే వస్తువు మీద కరిగి పొరలా అంటుకుంటుంది. కంప్యూటర్ గదుల్లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెడతారు, అది ఏ మరకా మిగల్చదు. వాడేటప్పుడు దాని కొమ్మును చేత్తో పట్టుకోకూడదు, చలికి చర్మం గడ్డకడుతుంది. ఏదైనా సరే పిన్ను లాగి, మంట నాలుకల మీద కాకుండా మొదట్లో, అటూ ఇటూ ఆడిస్తూ కొట్టాలి. ఉన్నదంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది కాబట్టి చెత్తబుట్టంత మంటకే అది. గదంతా అంటుకున్నాక దానితో వీరత్వం వద్దు. మంటకూ తలుపుకూ మధ్య మీరుండాలి, తలుపు మీ వెనక ఉండాలి. పొడి సిలిండర్ మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో లేకపోతే అది గోడకు అలంకారమే.

ఈ పొడికి లొంగని కొత్త మంట ఒకటి మన సెల్లార్లలోకి వచ్చింది. లిథియం బ్యాటరీలో ఒక సెల్లు దెబ్బతిని వేడెక్కితే, లోపలి రసాయనాలే విడిపోయి ఇంకా వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి పక్క సెల్లును అంటిస్తుంది. చాలా రకాల్లో ఆ రసాయనాలే కొంత ఆక్సిజన్‌ను కూడా విడుదల చేస్తాయి, కాబట్టి దుప్పటి కప్పి, పొడి చల్లి ఊపిరాడకుండా చేద్దామంటే సాగదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగ పైనున్న రూబీ లాడ్జిలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. ఇలాంటి బ్యాటరీ మంటకు మిగిలిన దారి వేడిని తీసేయడమే. నీళ్ళు, అవీ బోలెడన్ని, చాలాసేపు. మంట కనబడకుండా పోయాక కూడా గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, పక్క సెల్లు అంటుకోవచ్చు. కాబట్టి ఆరిన స్కూటర్‌ను మళ్ళీ సెల్లార్‌లోకి తోయకుండా, గోడలకూ మిగతా బళ్ళకూ దూరంగా ఆరుబయట పెట్టి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.